లవణ సహనం: మొక్కలు, సూక్ష్మజీవులు

నేలలో గానీ నీటిలో గానీ ఉప్పు మోతాదు మించి ఉన్నా మొక్క లేదా సూక్ష్మజీవి బతికి, పెరిగి, సంతానాన్ని నిలుపుకోగలిగితే ఆ గుణాన్ని లవణ సహనం అంటారు. ఆ మాట వినగానే, ఆ జీవి ఒళ్లంతా ఉప్పుకు అలవాటు పడిపోయి ఉంటుందని అనిపిస్తుంది. మొక్కల విషయంలో అది నిజం కాదు. సముద్ర తీరపు చవిటి పర్రల్లో పెరిగే ఇలకూర (సువేడా) వంటి మొక్కల నుంచి ఎంజైములను వేరుచేసి 1970ల్లో పరీక్షనాళికల్లో చూశారు. ఉప్పు తగలగానే అవి కూడా మామూలు పంట మొక్కల ఎంజైముల్లాగే చతికిలపడ్డాయి. అంటే ఇలకూర కణంలోని పనివాళ్లకు ప్రత్యేకమైన ఓర్పు ఏమీ లేదు. ఉప్పును ఎక్కడ ఆపాలి, ఎక్కడ దాచాలి, ఎక్కడ పారబోయాలి అన్న లెక్క ఆ మొక్కకు బాగా తెలుసు. పనివాళ్లనే ఉప్పుకు తగినట్టు మలుచుకున్న జీవులు కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే.

ఉప్పు ఎంత ఉంటే ఎక్కువ?

మట్టిని నీటితో ముద్దగా తడిపి, అందులోంచి తీసిన ద్రావణం విద్యుత్తును ఎంత బాగా ప్రసరింపజేస్తుందో కొలిస్తే నేలలోని ఉప్పు లెక్క తెలుస్తుంది. మట్టి పరీక్ష పత్రంలో కనిపించే ‘ఈసీ’ లేదా లవణ సూచిక ఇదే. దీన్ని మీటరుకు డెసీసీమెన్స్‌లో చెబుతారు. ముద్ద ద్రావణంలో ఇది 4 దాటితే లవణ నేల అంటారు. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండే సముద్రపు నీటి ఈసీ దాదాపు 50 ఉంటుంది.

తెలుగు రైతులు చౌడును చూపుతోనే రెండుగా విడదీశారు. ఎండాకాలంలో నేల మీద తెల్లటి పొడి తేలితే అది పాలచౌడు. ఇందులో కరిగే లవణాలు ఎక్కువ, ఉదజని సూచిక మాత్రం 8.5 లోపే ఉంటుంది. రెండోది కారుచౌడు. ఇందులో మట్టి రేణువులను అంటిపెట్టుకున్న సోడియం 15 శాతానికి మించి ఉంటుంది, ఉదజని సూచిక 8.5 దాటుతుంది. సేంద్రియ పదార్థం కరిగి పైకి తేలడం వల్ల నేల నల్లబారుతుంది. మట్టి కణాలు విడివిడిగా చెదిరిపోయి, వాన పడితే జారుడు బురదగానూ, ఎండితే రాయిలాగానూ మారతాయి. నీరు కిందికి దిగదు. రెండు లక్షణాలూ కలిసి ఉన్న నేలలూ ఉన్నాయి.

ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2024లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 138 కోట్ల హెక్టార్లు, అంటే భూభాగంలో 10.7 శాతం, ఉప్పు బారిన పడింది. భారతదేశంలో ఇలాంటి నేలలు సుమారు 67 లక్షల హెక్టార్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వీటి విస్తీర్ణం 2.74 లక్షల హెక్టార్లుగా లెక్కకట్టారు. తీరంలో ఆటుపోట్లు, ఉప్పెనలు దీనికి కారణం. లోతట్టు ప్రాంతాల్లో మురుగు కాలువలు లేకుండా కాలువ నీరు పారించడం, ఉప్పు బోర్ల నీటితో తడులు పెట్టడం ప్రధాన కారణాలు. ఇది కొత్తగా వచ్చిన బెడద కాదు. దక్షిణ ఇరాక్‌లో సుమేరియన్ల కాలంనాటి పొలాలు ఉప్పెక్కి, గోధుమ క్రమంగా తగ్గి దాని స్థానంలో బార్లీ నిలిచిందని థోర్కిల్డ్ జాకబ్సన్, రాబర్ట్ ఆడమ్స్ 1958లో వివరించారు.

ఉప్పు చేసే రెండు రకాల హాని

ఉప్పు దెబ్బ మొక్కకు రెండు విడతలుగా తగులుతుంది. రానా మన్స్, మార్క్ టెస్టర్ 2008లో రాసిన సమీక్షతో ఈ విభజన బాగా స్థిరపడింది.

మొదటిది దాహం. వేరు నీటిని తాగాలంటే వేరు లోపలి రసం బయటి నీటికంటే చిక్కగా ఉండాలి. బయట ఉప్పు పెరిగితే ఆ తేడా తగ్గిపోతుంది. ఫలితంగా పైరు నీళ్లలో నిలబడే ఎండిపోతున్నట్టు ప్రవర్తిస్తుంది. ఉప్పు తగిలిన కొద్ది నిమిషాల్లోనే ఆకు సాగడం మందగిస్తుంది, పత్రరంధ్రాలు ముడుచుకుంటాయి, కొత్త పిలకలు తగ్గుతాయి. సోడియం ఇంకా ఆకుల్లోకి చేరకముందే ఇదంతా జరిగిపోతుంది.

రెండోది విషం. ఇది రోజులూ వారాలూ పడుతుంది. నీటితో పాటు పైకి వచ్చిన సోడియం ఆకుల్లో పేరుకుంటుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అందుకే ముదురు ఆకుల కొనలు, అంచులు ముందుగా మాడతాయి. సోడియం చూడడానికి పొటాషియంకు దాయాదిలా ఉంటుంది. కణంలో యాభైకి పైగా ఎంజైములు పొటాషియం ఉంటేనే పనిచేస్తాయి. వాటి దగ్గర సోడియం ఆ చోటును ఆక్రమిస్తుంది గానీ ఆ పని చేయదు. కిరణజన్య సంయోగక్రియ కుంటుపడి, వాడకంలోకి రాని కాంతి శక్తి వల్ల చురుకైన ఆక్సిజన్ అణువులు పుట్టి పొరలనూ ప్రోటీన్లనూ దెబ్బతీస్తాయి.

మొక్క ఉప్పును ఎలా పసిగడుతుంది?

ఉప్పు తగిలిన వేరులో మొదట కదిలేది కాల్షియం. అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగశాల మొక్క వేరు కొనకు ఉప్పు తగిలిస్తే, కాల్షియం అలలాగా లేచి సెకనుకు సుమారు 400 మైక్రోమీటర్ల వేగంతో కాండం వైపు ప్రయాణిస్తుందని 2014లో చూపారు. కణం పైపొరలోని ఒక రకం చక్కెర కొవ్వులు సోడియాన్ని పట్టుకోవడంతోనే ఈ కాల్షియం కదలిక మొదలవుతుందని 2019లో తేలింది.

ఆ కబురు అందాక పనిచేసే వ్యవస్థకు ఎస్‌ఓఎస్ అని పేరు. ఉప్పుకు అతిగా బెదిరిపోయే అరబిడాప్సిస్ మొక్కలను వెతికి, వాటిలో ఏ జన్యువు చెడిందో చూసి జియాన్-కాంగ్ ఝు బృందం దీన్ని బయటపెట్టింది. ఇందులో మూడు ప్రోటీన్లు ముఖ్యం. కాల్షియం పెరుగుదలను గుర్తించేది ఒకటి, దాని మాట విని ఆజ్ఞ జారీ చేసేది ఇంకొకటి. మూడోది కణం పైపొరలో పంపులా కూర్చుని, ఒక హైడ్రోజన్ అయానును లోపలికి రానిస్తూ ఒక సోడియం అయానును బయటికి తోస్తుంది.

వేరు దగ్గర కాపలా, ఆకుకు చేరకుండా ఆపడం

లవణ సహనం గల మొక్కల్లో ఎక్కువ పని వేరు దగ్గరే జరిగిపోతుంది. వేరు లోపలి వలయంలో కణాల మధ్య నీరు చొరని పట్టీ ఉంటుంది. దీన్ని కాస్పేరియన్ పట్టీ అంటారు. సందుల్లోంచి జారి వచ్చే నీరు ఇక్కడ ఆగి, కణం పొర గుండా వడపోతకు లోనై తీరాలి. వరి వేళ్లలో ఈ కట్టడి కాస్త వదులు. కొంత నీరు అడ్డదారిన, నీటిని పైకి మోసే దారువులోకి చేరుతూ సోడియాన్ని వెంట తెస్తుంది. వరి ఉప్పుకు బెదరడానికి ఇది ఒక కారణం.

ఆ కాపలాను దాటి దారువులోకి వచ్చిన సోడియాన్ని మళ్లీ వెనక్కి లాగే ప్రోటీన్లు హెచ్‌కేటీ కుటుంబానికి చెందినవి. బెంగాల్ ప్రాంతపు వరి నోనా బొక్రాలో ఇలాంటి జన్యువును 2005లో గుర్తించారు. గోధుమకు దూరపు చుట్టమైన ఒక పాత జాతి నుంచి ఈ కుటుంబానికే చెందిన జన్యువును ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు డ్యూరమ్ గోధుమలోకి సంకరణంతో తెచ్చారు. ఉప్పు నేలలో ఆ గోధుమ దిగుబడి సుమారు 25 శాతం పెరిగిందని 2012లో ప్రకటించారు. ప్రయోగశాల గడప దాటి పొలంలో నిలిచిన కొద్ది విజయాల్లో ఇది ఒకటి.

కణంలో సామాను గది

ఎంత కాపలా కాసినా కొంత ఉప్పు ఆకులకు చేరుతుంది. అప్పుడు మొక్క దాన్ని కణం నడుమ ఉండే రిక్తికలోకి నెట్టేస్తుంది. ముదురు ఆకు కణంలో ఎక్కువ భాగం రిక్తికదే. దాన్ని ఇంట్లో సామాను గది అనుకోవచ్చు. వంటగదిలో అడ్డుపడే మూటను అక్కడ పడేస్తే పని సాగుతుంది. పైగా అక్కడ చేరిన ఉప్పు కణరసాన్ని చిక్కబరచి నీటిని లాగడానికి పనికొస్తుంది. దాహానికి కారణమైన ఉప్పే దాహం తీర్చే సాధనం అవుతుంది. ఈ తలుపు దగ్గర పనిచేసే ఎన్‌హెచ్‌ఎక్స్ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారయ్యేలా చేస్తే అరబిడాప్సిస్ 200 మిల్లీమోలార్ల ఉప్పులోనూ పెరిగిందని ఎడ్వర్డో బ్లూమ్‌వాల్డ్ బృందం 1999లో చూపింది. సముద్రపు నీటి ఉప్పులో అది దాదాపు సగం.

రిక్తిక చిక్కబడితే చుట్టూ ఉన్న కణద్రవ్యం నీటిని కోల్పోతుంది. తూకం సరిచేయడానికి మొక్క ఎంజైములకు హాని చేయని కరిగే పదార్థాలను అక్కడ నింపుతుంది. ప్రోలీన్, గ్లైసీన్ బీటైన్, మానిటాల్ వంటివి ఇవి. బీటైన్‌కు ఆ పేరు బీట్ దుంప నుంచే వచ్చింది. పాలకూర కుటుంబంలో ఇది పుష్కలం. వరి మాత్రం దీన్ని చేసుకోలేదు.

వీటికి ఖర్చు ఎక్కువ. ఒక మోలు సోడియాన్ని సామాను గదికి చేర్చడానికి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ సుమారు 3.5 మోలులు చాలు. ఒక మోలు ప్రోలీన్ తయారీకి 41, గ్లైసీన్ బీటైన్‌కు 50 మోలులు కావాలి. ఉప్పు నేలలో పైరు బతికే ఉన్నా గింజ తక్కువగా పట్టడానికి ఈ ఖర్చు కూడా ఒక కారణం.

ఉప్పు మొక్కలు, మడ అడవులు

200 మిల్లీమోలార్ల ఉప్పులో జీవితచక్రాన్ని పూర్తిచేయగలిగే మొక్కలను లవణప్రియ మొక్కలు అంటారు. మొత్తం పూల మొక్కల్లో వీటి వాటా ఒక శాతం కూడా ఉండదు. ఇలకూర, సాలికోర్నియా వంటివి ఆకులను, కాడలను నీటితో ఉబ్బించుకుని ఉప్పును పలుచన చేసుకుంటాయి. ఆట్రిప్లెక్స్ ఆకుల మీద బూడిద చల్లినట్టు కనిపించేది ఉప్పు నింపిన సన్నటి బుడగల వరుస. నిండిన బుడగ పగిలి రాలిపోతుంది. ముదురు ఆకుల్లో ఉప్పు నింపి వాటిని రాల్చేసుకునే మొక్కలూ ఉన్నాయి.

ఈ పద్ధతులన్నీ ఒకేచోట చూడాలంటే మడ అడవికి వెళ్లాలి. కాకినాడ దగ్గర గోదావరి సముద్రంలో కలిసే చోట కోరింగ అడవి ఉంది. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి చెక్క బాట పక్కన పొడి ఎండలో ఒక మడ ఆకును తిప్పి చూస్తే, పొడి చక్కెర అంటించినట్టు సన్నని పలుకులు మెరుస్తుంటాయి. నాలుక కొనకు తాకిస్తే ఉప్పగా తగులుతుంది. అది కెరటాలు చిమ్మిన ఉప్పు కాదు, ఆకులోని లవణ గ్రంథులు బయటికి నెట్టింది. వాన పడితే కడిగిపోతుంది, గాలికి రాలిపోతుంది, మర్నాటికి మళ్లీ పూస్తుంది. అదే అడవిలోని ఉప్పు పొన్న ఆకు మీద ఇది కనిపించదు. దానికి లవణ గ్రంథులు లేవు. అది వేరు దగ్గరే ఉప్పును చాలావరకు వడకట్టేస్తుంది. మడచెట్టు కూడా సముద్రపు ఉప్పులో తొంభై శాతానికి పైగా వేరులోనే ఆపి, మిగిలినదాన్నే గ్రంథులకు వదులుతుంది.

సముద్రపు నీటిని వడకట్టాలంటే గట్టి లాగుడు కావాలి. దాన్ని మొక్క ఎక్కడినుంచి తెస్తుందో పెర్ షోలాండర్ 1960ల్లో కొలిచారు. కోసిన కొమ్మను ఒత్తిడి గదిలో పెట్టి, తెగిన చివర రసం కనిపించేదాకా ఒత్తిడి పెంచారు. మడచెట్ల దారువులో నీరు ఎప్పుడూ సాగదీసిన తాడులా బిగుసుకుని ఉందని తేలింది. ఆకుల నుంచి ఆవిరయ్యే నీరే ఆ తాడును లాగుతోంది. యంత్రమేదీ లేకుండా నడిచే నిర్లవణీకరణ కర్మాగారం అది.

సూక్ష్మజీవుల్లో రెండు దారులు

ఉప్పు నీటి సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం మొక్కల దారినే నడుస్తాయి. సోడియాన్ని బయటికి తోసి, లోపల హానిలేని పదార్థాలను నింపుకుంటాయి. వాటిలో ప్రసిద్ధమైనది ఎక్టోయిన్. దీన్ని 1985లో ఒక లవణ బ్యాక్టీరియాలో కనుగొన్నారు. హాలోమోనాస్ బ్యాక్టీరియాను గాఢమైన ఉప్పులో పెంచి, ఒక్కసారిగా పలుచని నీటిలోకి మారిస్తే అది పొంగిపోకుండా ఉండేందుకు ఎక్టోయిన్‌ను బయటికి వదిలేస్తుంది. మళ్లీ ఉప్పులో వేస్తే మళ్లీ తయారుచేస్తుంది. ఆవు పాలు పిండినట్టు ఇలా పిండిన ఎక్టోయిన్ ఇప్పుడు చర్మ సంరక్షణ క్రీముల్లోకి చేరుతోంది.

డునాలియెల్లా అనే ఏకకణ శైవలానికి గట్టి కణకవచం లేదు. ఉప్పు పెరిగితే గ్లిసరాల్‌ను నింపుకుంటుంది, తగ్గితే వదిలించుకుంటుంది. ఎండ ఎక్కువైతే బీటా-కెరోటిన్ నింపుకుని ఎర్రబడుతుంది. ఫ్రాన్స్ దక్షిణ తీరపు ఉప్పు మడులు ఎర్రబడడాన్ని 1838లో గమనించిన మిషెల్ ఫెలిక్స్ దునాల్ పేరునే 1905లో దానికి పెట్టారు. ఈస్ట్‌లు కూడా ఉప్పులో గ్లిసరాల్‌నే ఆశ్రయిస్తాయి.

రెండో దారి అసాధారణమైనది. హాలోబాక్టీరియం వంటి ఆర్కియా జీవులు (బ్యాక్టీరియా కాని మరో సూక్ష్మజీవుల వంశం) ఉప్పుతో కాపురం చేస్తాయి. లోపల 4 నుంచి 5 మోలార్ల దాకా పొటాషియం క్లోరైడు నింపుకుంటాయి. ఇక్కడ కూడా సోడియాన్ని పంపులు బయటికి తోస్తూనే ఉంటాయన్నది గమనించాలి. అంత ఉప్పులో మామూలు ప్రోటీన్ ముద్దకట్టి పడిపోతుంది. వీటి ప్రోటీన్ల పైతలం ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలతో నిండి ఉండి, ఆ రుణావేశంతో నీటి పొరను, పొటాషియంను గట్టిగా పట్టుకుంటుంది. ఇదే వాటి బలం, ఇదే వాటి బలహీనత. మంచినీటిలో వేస్తే హాలోబాక్టీరియం పగిలిపోతుంది. ఉప్పు లేకపోతే దానికి బతుకు లేదు.

ఉప్పు రైతులకు వీటితో పాత పరిచయమే. శ్రీకాకుళం జిల్లా నౌపడ వంటి చోట్ల మడుల్లో నీరు ఇగిరి, ఉప్పు పేరుకునే ముందు గులాబీ రంగుకు తిరుగుతుంది. డునాలియెల్లా, ఎర్ర ఆర్కియాలు కలిసి వేసే రంగు అది. సరిగా ఆరని ఉప్పు చేప మీద ఎర్రటి పూత రావడమూ ఈ ఆర్కియాల పనే. ఉప్పు వాటిని చంపలేదు, వాటిని మోసుకొస్తుంది. హాలోబాక్టీరియం ఊదారంగు పొరలో కాంతితో నడిచే పంపు బాక్టీరియోరొడాప్సిన్‌ను 1971లో డీటర్ ఓస్టర్‌హెల్ట్, వాల్టర్ స్టోకెనియస్ కనుగొన్నారు. ఎర్ర సముద్రపు ఒడ్డున సినాయ్ ఉప్పు గుంటలో 1980లో కనబడిన చతురస్రాకారపు ఆర్కియాను ప్రయోగశాలలో పెంచడానికి 2004 దాకా పట్టింది. పేరులో మృత్యువు ఉన్న మృత సముద్రంలోనూ జీవం ఉందని బెంజమిన్ వోల్కానీ 1936లో చూపారు. 2002లో వర్ణించిన సాలినిబాక్టర్ బ్యాక్టీరియా అయినా ఆర్కియాల దారినే పట్టింది. వేర్వేరు వంశాలు ఒకే చిట్కాకు చేరుకున్న ఉదాహరణ ఇది.

వేరుకు తోడుండే సూక్ష్మజీవులు

కొన్ని సూక్ష్మజీవులు తాము తట్టుకోవడమే కాక, మొక్కకు కూడా ఊతమిస్తాయి. ఉప్పు తగిలిన మొక్క ఇథిలీన్‌ను ఎక్కువగా తయారుచేసుకుని తన పెరుగుదలను తానే ఆపుకుంటుంది. వేరు చుట్టూ ఉండే కొన్ని బ్యాక్టీరియాలు ఇథిలీన్‌కు ముడిసరుకైన ఏసీసీని విడగొట్టి తినేస్తాయి. దానితో వేరు మళ్లీ సాగుతుంది. వేళ్లలో చేరే మైకోరైజా శిలీంధ్రాలు భాస్వరాన్ని, నీటిని అందించడంతో పాటు ఆకుల్లో పొటాషియం, సోడియం నిష్పత్తిని మెరుగుపరుస్తాయి. థార్ ఎడారి నేలలో అజిత్ వర్మ బృందం కనుగొన్న పిరిఫార్మోస్పోరా ఇండికా అనే శిలీంధ్రం బార్లీకి ఉప్పును తట్టుకునే శక్తిని పెంచుతుందని 2005లో చూపారు. కుండీలో కనిపించినంత ఫలితం పొలంలో అన్నిసార్లూ రాదు. అక్కడ స్థానిక సూక్ష్మజీవులతో పోటీపడి నిలవాలి.

పంటలు, వంగడాలు

పంటలన్నీ ఒకేలా స్పందించవు. యూజీన్ మాస్, గ్లెన్ హాఫ్‌మన్ 1977లో ప్రకటించిన పట్టికలో ప్రతి పంటకూ ఒక హద్దు, ఆ పైన దిగుబడి తగ్గే రేటు ఉన్నాయి. బార్లీ ఈసీ 8 దాకా తట్టుకుంటుంది, ఆ పైన ఒక్కో యూనిట్‌కు 5 శాతం తగ్గుతుంది. పత్తి హద్దు 7.7, గోధుమ 6, వేరుశనగ 3.2. వరి 3 దగ్గరే చేతులెత్తుతుంది, ఆ పైన ప్రతి యూనిట్‌కూ 12 శాతం పోతుంది. బీన్స్‌కు హద్దు 1, నష్టం 19 శాతం.

వరిలోనూ వయసును బట్టి తేడా ఉంది. మొలకెత్తేటప్పుడు గట్టిగా ఉంటుంది, లేత నారు దశలో బెదురుతుంది, పిలకల దశలో మళ్లీ కోలుకుంటుంది, చిరుపొట్ట, పూత దశల్లో మళ్లీ దెబ్బతింటుంది. అందుకే చౌడు చేలల్లో ముదురు నారు వేయమంటారు, కుదురుకు నాలుగైదు మొక్కలు నాటమంటారు.

కేరళలో ఎర్నాకుళం, ఆలప్పుళ, త్రిశూర్ తీరపు చేలల్లో పండే పొక్కలి వరి ఈ రంగంలో పెద్దదిక్కు. వానలకు ఉప్పు కడిగిపోగానే మిట్టల మీద వరి వేస్తారు, కోత అయ్యాక అదే చేలో సముద్రపు నీరు ఎక్కించి రొయ్యలు పెంచుతారు. పొక్కలి ఒకటో క్రోమోజోములో ఉన్న సాల్టాల్ అనే భాగాన్ని ఆధునిక వంగడాల్లోకి తెచ్చే పని చాలా దేశాల్లో సాగింది. హర్యానాలోని కర్నాల్‌లో 1969లో ఏర్పడిన కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ సీఎస్‌ఆర్ 10, సీఎస్‌ఆర్ 36 వంటి వరి రకాలను విడుదల చేసింది. కోస్తా ఆంధ్రలో మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన కేంద్రం తీరపు చౌడుకు తగిన వరి రకాల మీద పనిచేస్తోంది. బాపట్ల కేంద్రం ఉప్పు నేలల, ఉప్పు నీటి యాజమాన్యం చూస్తుంది. ఆ తీరపు ఇసుక భూముల్లో ఉప్పునీటి మీద మంచినీరు పలుచని పొరగా తేలుతుంది. లోతుగా బోరు దించితే ఉప్పు పైకి తన్నుకొస్తుంది. అక్కడి రైతులు దొరువులు తవ్వి పైపొర నీటినే చేదుకునేవారు. ఆ పాత పద్ధతిని బాపట్ల శాస్త్రవేత్తలు మెరుగుపరచి, అడ్డంగా పరచిన గొట్టాలతో నీటిని సేకరించే విధానంగా మలిచారు.

చౌడు బాగుచేయడం

ఉప్పును తట్టుకునే వంగడం నేలలోని ఉప్పును తీసేయదు. పాలచౌడుకు మందు మంచినీరు, మురుగు కాలువ. గట్లు వేసి నీరు నిలగట్టి, ఉప్పును కరిగించి కిందికో పక్కకో తీసేయాలి. కారుచౌడుకు అది చాలదు. రేణువులకు అంటిన సోడియాన్ని ముందు ఊడదీయాలి. అందుకు జిప్సం వేస్తారు. అందులోని కాల్షియం సోడియం స్థానంలో కూర్చుంటుంది, విడిపోయిన సోడియం సల్ఫేటుగా మారి నీటితో కొట్టుకుపోతుంది. తర్వాత జీలుగ వంటి పచ్చిరొట్ట వేసి కలియదున్నితే నేల గుల్లబారుతుంది. కారుచౌడులో వరికి జింకు లోపం తరచుగా వస్తుంది, జింక్ సల్ఫేటు వేయాల్సి ఉంటుంది.

జన్యు పరిశోధన ఇన్ని దశాబ్దాలు సాగినా, ఒక్క జన్యువుతో ఉప్పును జయించిన పంట రైతు చేతికి ఇంకా విరివిగా రాలేదు. లవణ సహనం ఒక పని కాదు, వేరు దగ్గర కాపలా నుంచి ఆకు మీది గ్రంథి దాకా సాగే పనుల వరుస. ఒకదాన్ని పెంచితే మిగతావాటికి ఖర్చు సర్దాలి. మడచెట్టు ఆకు మీద ఉప్పు రాలిపోవడానికి వాన, గాలి ఉన్నాయి, కింద ఆటుపోట్లు ఉన్నాయి. చేనుకు ఆ పని చేసేది మురుగు కాలువే. అది పూడిపోయిన చోట, పొక్కలి జన్యువు నాటినా రెండు మూడేళ్లలో మడిలో మళ్లీ తెల్లపొర తేలుతుంది.